జర అటు తిరుగుండ్రి

"ఏదో, పాపం, ఊసుపోక అల్లుకుంటుండె."

ఆమె పోయిన పదోదినం నాడు ఆ ఇంటి పెద్దసేటు నలుగురి ముందు కూర్చుని అన్న మాట ఇది. శాలువా నిండా కప్పుకుని, వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, పెద్ద దయ తలచినట్టు అన్నాడు. వచ్చినవాళ్ళంతా అవునవునని తలలూపారు. ఒకాయన "చేతుల పని మంచిదుండె" అన్నాడు. ఇంకొకాయన "టైంపాస్ గావాలె గదా ఆడోళ్ళకు" అన్నాడు. మానుకోట నుంచి పొద్దటి బండికి వచ్చి, ఇంకా చెప్పులు విడవకుండా వాకిట్లో నిలబడి ఉన్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఊసుపోకనా! ఆ ఇంట్లో ఆమెకు ఊసుపోకపోవడానికి తీరిక ఎప్పుడు దొరికింది? ఊసుపోక చేసే పనికి మనిషి అన్నం మానుతుందా, తిట్లు తింటుందా, తిట్లు పెడుతుందా? ఈ పెద్దమనిషి అప్పుడే మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. నా జ్ఞాపకశక్తి మంచిది, కోపం ఇంకా మంచిది. రెండూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

జనగామ బజారులో వాళ్ళది కిరాణా దుకాణం. దుకాణం ముందు, ఇల్లు వెనుక. అన్నదమ్ముల్లో పెద్దసేటు గల్లా మీద కూర్చునేవాడు, చిన్నసేటు తూకం దగ్గర నిలబడేవాడు. ఆమె చిన్నసేటు భార్య. మాది వాళ్ళ వెనుక గోడకు ఆనుకున్న ఇల్లు. ఏ చుట్టరికమూ లేకపోయినా నేను చిన్నమ్మ అనేదాన్ని. బజారుకు మాత్రం ఆమె స్వెట్టరమ్మ.

మనిషి పొట్టి. ముక్కు మీదే కోపం. మాట్లాడుతుంటే చంకలోని ఊలు ఉండ కూడా అదిరేది. చేతిలో సూదులు లేనప్పుడు కూడా వేళ్ళు కదులుతూనే ఉండేవి. పప్పు ఉడికేదాకా, నీళ్ళు పట్టేదాకా, పక్కింటావిడ కష్టం చెప్పుకునేదాకా ఆ వేళ్ళు గాలిలో ఏదో అల్లుతుండేవి. ఎవరైనా ముందు నుంచి వెళ్తే ముఖం చూసేది కాదు. దాటిపోయాక వీపు చూసేది. మా అమ్మ ఒకసారి కొత్త చీర కట్టుకుని వెళ్తే, "చీర సరే, మీ తమ్ముని స్వెట్టర్ తెచ్చి సూపియ్యి, గా భుజం కాడ ఎట్ల తగ్గించిండ్రో సూడాలె" అందట.

ఆ ఇంట్లో తమ్ముని భార్య బావతో ఎదురుపడి మాట్లాడకూడదు. చెప్పాల్సింది ఎంత ఉన్నా తలుపు చాటు నుంచి, అదీ ఇంకొకరికి చెబుతున్నట్టు చెప్పాలి. ఆమె ఆ ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటించేది. ఆయన వసారాలో ఉంటే తలుపుతో మాట్లాడేది. "ఓ తలుపూ, చాయ్ సల్లారుతున్నదని చెప్పు." "ఓ బియ్యం బస్తా, నిన్ను రేషన్‌లకెళ్ళి తెచ్చిండ్రా, రాళ్ళల్లకెళ్ళి ఏరిండ్రా, జర అడుగు." మేం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. పెద్దసేటు వినీ విననట్టు ఉండేవాడు. వింటే జవాబు చెప్పాలి, ఆయనా తలుపుకే చెప్పాలి.

తోటికోడలి కాన్పుకు తోడుగా దవాఖానలో ఉన్నప్పుడు అక్కడి నర్సమ్మ దగ్గర ఆమె అల్లిక పట్టుకుంది. అల్లికంతా రెండు కుట్లలోనే ఉంది, సీదా ఒకటి, ఉల్టా ఒకటి. ఆ రెండూ చేతికి రాగానే సైకిల్ పుల్లలు రెండు తెప్పించి, గడప రాయి మీద కొసలు అరగదీసి సూదులు చేసుకుంది. రంగు ఊలు హైదరాబాదు నుంచి రావాలి, దుకాణం సరుకుతో పాటు తెమ్మంటే పెద్దసేటు ఒప్పుకోడు. అందుకని తరిగొప్పుల వైపు నుంచి వచ్చే కురుమ ఆయన దగ్గర గొంగడి నేసే గొర్రె ఉన్ని కొని, వడికి, మగనికి స్వెట్టర్ అల్లింది. చిన్నసేటు నోట్లో నాలుక లేని మనిషి. భార్య ఇష్టపడి ఇచ్చింది కదా అని తొడుక్కుని తూకం దగ్గర నిలబడ్డాడు. తక్కెడ ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో వీపు, పొట్ట, మెడ గోక్కుంటూ పొద్దంతా గడిపాడు. తక్కెడ నిలవడం లేదని గిరాకీలు పంచాయితీ పెట్టుకున్నారు. సాయంత్రానికి ఆయన ఒళ్ళంతా దద్దుర్లు. "గొంగడి మీద కప్పుకుంటరు గని లోపట తొడుగుతరా?" అని వాడంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ స్వెట్టరును విప్పి చిన్నసేటు కూర్చునే పీట మీదికి పట్టా అల్లింది. అది చాలా ఏళ్ళు ఉంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కొట్లాట మొదలై బడులు మూతపడ్డాయి. మగపిల్లలు జెండాలు పట్టుకుని రోడ్డెక్కారు. ఆడపిల్లలం ఇంట్లో కూర్చుని తల్లుల ప్రాణాలు తోడేస్తుంటే, "పోయి స్వెట్టరమ్మ దగ్గర కూచోండ్రి" అని తరిమారు. అప్పటికి ఆమెకు రంగు ఊలు దొరికే దారి దొరికింది. పసిపిల్లల టోపీలు, సాక్సులు అల్లించుకునేవాళ్ళే ఊలు తెచ్చి ఇచ్చేవాళ్ళు.

నేర్పడంలో ఆమె రాక్షసి. ఒక కుట్టు జారితే చాలు, "విప్పు" అనేది. ఏడ్చినా విప్పాల్సిందే. "గింతదే గద చిన్నమ్మా, ఎవలకు కనవడదు" అని నేను ఒకసారి బతిమాలితే నా చేతిలోది లాక్కుని తనే సర్రున విప్పేసింది. "తప్పు మీద తప్పు అల్లుకుంట పోతే అది సంసారమైతది పోరీ, స్వెట్టర్ గాదు!" అంది. అంటున్నప్పుడు ఆమె కళ్ళు వసారా వైపు చూశాయి.

అయితే ఆమెకు తెలిసిన డిజైన్లు రెండో మూడో. నర్సమ్మ ఎప్పుడో బదిలీ అయిపోయింది. కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? ఇది ఆమెను తినేసేది. సాదా స్వెట్టరును చూస్తే అన్నంలో ఉప్పు లేనట్టు ముఖం పెట్టేది. మా వీధి చివర అద్దెకున్న ఒక ఆఫీసరు భార్య దగ్గర డిజైన్ల పుస్తకం ఉందని మాలో ఎవరో చెప్పారు. వాళ్ళది కోస్తా. ఆవిడ ఎండలో కుర్చీ వేసుకుని ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అల్లుతుండేది. చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

"అమ్మా, గా బుక్కు జర ఇస్తరా? సూసి మల్ల తెచ్చిస్త."

ఆవిడ పుస్తకం మూసి, పక్కనున్న ఇంకో ఆవిడ వైపు చూసి నవ్వింది. "ఇంగ్లీషు పుస్తకమండీ ఇది. తెలుగే ఇలా మాట్లాడుతున్నారు, ఇంగ్లీషు ఏం చదువుతారూ?"

"సదువుత అన్ననా? సూస్త అన్న," అంది చిన్నమ్మ.

పుస్తకం తెరుచుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె నాకంటే పది అడుగులు ముందు నడిచింది. ఇంటికి వచ్చి రుబ్బురోలు దగ్గర కూర్చుని, మినప్పప్పు నానకముందే రుబ్బింది. నాకు ఆ నవ్వు ఇవాళ్టికీ చెవిలో ఉంది. ఆవిడ మా మాటను వెక్కిరించినందుకు ఒక మంట. పుస్తకం చూడటానికి చదువు కావాలనుకున్నందుకు ఇంకో మంట.

తర్వాత కొన్నాళ్ళకు గొడవలు ముదిరాయి. ఆఫీసరు కుటుంబం సామాన్లు సర్దుకుంటుండగా కొందరు కుర్రాళ్ళు ఇంటి ముందు చేరి అరిచారు, చేతికి దొరికినవి లాగేశారు. ఆ గుంపులో పెద్దసేటు కొడుకు కూడా ఉన్నాడు. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి, చొక్కాలో దాచిన పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు.

"చిన్నమ్మా, నీ కోసమే గుంజుకచ్చిన! నిన్ను ఎక్కిరించింది గద, ఇగ సూస్కో!"

మేం అమ్మాయిలం ఎగిరి గంతేశాం. అట్ట మీదే ఎంత అందమైన డిజైనో! ఆమె చేయి కూడా ముందుకు వచ్చింది. నేను చూశాను, వచ్చింది. మళ్ళీ వెనక్కి పోయింది.

"ఎవడు తెమ్మన్నడు రా నిన్ను?" అని లేచింది. "అడిగితే ఇయ్యలే, గది ఆమె కర్మ. దొంగతనంగ తెస్తే సూసుడు నా కర్మనా? గామె మీద నాకు కోపమున్నది. నా కోపం నేను సూస్కుంట, నీ కిరాయి కోపం నాకొద్దు!"

"ఒక్కసారి తెరిచి సూద్దం చిన్నమ్మా, తర్వాత ఇద్దం," అని మేం ఆమె కాళ్ళావేళ్ళా పడ్డాం. ఆమె పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి, వాడి చేతిలో పెట్టి, చెవి పట్టుకుని వీధి చివరిదాకా తనే నడిపించింది. మేం వెనకే వెళ్ళాం. ఆఫీసరు భార్య రిక్షా ఎక్కుతోంది. పుస్తకం తీసుకుంది, ట్రంకుపెట్టెలో పడేసింది, మూత వేసింది. ఆవిడకు భయంగా ఉండి ఉంటుంది, కాదనను. కానీ భయం తగ్గాక అయినా, ఏ ఊరికి చేరాక అయినా, చిన్నమ్మ గుర్తొచ్చి ఉంటుందా? నేను నమ్మను.

పుస్తకం అలా పోయింది. బండ్లు మళ్ళీ సరిగ్గా నడవడం మొదలయ్యాక వచ్చిన చలికాలంలో ఆమెకు స్టేషన్ దొరికింది.

ఉత్తరాది నుంచి కాజీపేట మీదుగా హైదరాబాదు వెళ్ళే బండ్లు జనగామలో కాసేపు ఆగేవి. అందులో దిగి నీళ్ళు పట్టుకునేవాళ్ళు, చాయ్ తాగేవాళ్ళు, సికింద్రాబాదు పోయే మిలిటరీవాళ్ళు. అందరి ఒంటి మీదా స్వెట్టర్లే! తల్లులు అల్లినవి, భార్యలు అల్లినవి, మేం కలలో కూడా చూడని డిజైన్లు. "పిల్లలకు రైలు సూపిస్త" అని ఇంట్లో చెప్పి మమ్మల్ని వెంటేసుకుని వెళ్ళేది. రోజూ రైలు కూత వింటూ పెరిగిన మాకు, పెళ్ళీడు అమ్మాయిలకు, రైలు చూపించడమేమిటో ఎవరూ అడగలేదు.

ప్లాట్‌ఫారం మీద ఆమె వేరే మనిషి. భయం లేదు, బిడియం లేదు. మంచి స్వెట్టర్ కనిపిస్తే తిన్నగా దాని వెనక్కి వెళ్ళి నిలబడేది. పెదాలు కదులుతుండేవి, "సీదా, సీదా, ఉల్టా, సీదా..." సూదులు చేతిలోనే ఉండేవి, అక్కడే అల్లడం మొదలయ్యేది. మనిషి కదిలితే కసురుకునేది. వాళ్ళకు తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు. "ఓ బాబూ, జర అటు తిరుగుండ్రి!" అని చేత్తో తిప్పేది. ఒక మిలిటరాయన ఏదో తనిఖీ అనుకుని చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. చాయ్ గ్లాసు పైకెత్తిన చేతిలోనే ఉంది. పని అయ్యేదాకా ఆమె దించనివ్వలేదు.

అలా చూసి వచ్చినవన్నీ ఒకే పట్టీలో అల్లేది. జానెడు వెడల్పు, పొడవుకు అంతు లేదు. ఒక డిజైను బెత్తెడు, దాని పైన ఇంకొకటి, దాని పైన మరొకటి. అదే ఆమె పుస్తకం. ఒక్కోదానికి ఒక్కో పేరు. "మిలిటరాయన", "బీడీ తాగేటాయన", "కిటికీ కాడి ముసలామె", "ఏడ్సే పోరి". ఎవరైనా పాపకు స్వెట్టర్ అల్లమంటే పట్టీ పరిచి, "బీడీ తాగేటాయన మంచిగుంటడు, చంటిదానికి మెత్తగ" అనేది. ఒక డిజైను మాత్రం సగంలోనే ఆగి, ఆ పైన సాదాగా ఉండేది. ఎర్ర స్వెట్టర్ వేసుకున్న ఒక పిల్ల వీపును సగం చదవగానే గార్డు ఈల వేశాడు. దాని పేరు "రైలు పోయింది". ఆ మిగతా సగం కోసం ఆమె ఎన్ని చలికాలాలు వెతికిందో!

బజారు ఊరుకుంటుందా? గల్లా ముందు నిలబడి ఒకడు అన్నాడట, "సేటూ, మీ మరదలు స్టేషన్ల మొగోళ్ళ ఈపులు సూస్కుంట తిరుగుతున్నది." పెద్దసేటు దుకాణం మధ్యలో వదిలి లోపలికి వచ్చాడు. మేమంతా అక్కడే కూర్చుని ఉన్నాం, పట్టీ మా ఒళ్ళో ఉంది. చిన్నసేటు అన్న వెనకాల నిలబడి నేల చూస్తున్నాడు.

"ఇంటి పరువు రైలు పట్టాల మీద పెట్టింది," అన్నాడు పెద్దసేటు తమ్మునితో. "బీడీ తాగేటోడట, మిలిటరోడట! ఏందిరా గీ పేర్లు? పరాయి మొగోళ్ళను తెచ్చి ఇంట్ల పట్టీ కడుతదా? ఇగ స్టేషన్ మొఖం సూడొద్దని చెప్పు. గా పట్టీ నా ముందట విప్పుమను. ఇప్పుడే!"

చిన్నసేటు నోరు తెరవలేదు. నేను ఇవాళ్టికీ ఆ మనిషిని క్షమించలేదు. ఒక్క మాట, ఒక్క 'అన్నా' అన్నా చాలు. అనలేదు.

ఆమె తలుపు చాటుకు పోలేదు. మొదటిసారి, బావ ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది. పట్టీ పై కొస తీసుకుంది, దారం పట్టుకుని లాగింది. సర్రున ఒక వరస, ఇంకో వరస. "రైలు పోయింది" పోయింది. ఏడ్చే పిల్ల పోయింది, కిటికీ ముసలామె పోయింది. లాగుతున్నంతసేపూ ఆమె దారాన్ని చూడలేదు, ఆయన ముఖాన్నే చూసింది. మేం ఏడుస్తున్నాం, ఆమె కళ్ళలో చుక్క నీళ్ళు లేవు. చివరి కుట్టు విప్పి, వంకర్లు తిరిగిన ఊలు ఆయన కాళ్ళ ముందు కుప్ప పోసి లేచింది. "ఓ తలుపూ, అయిపోయిందని చెప్పు," అంది. అన్నది తలుపుతోనే, చూసింది మాత్రం ఆయన్నే.

ఆమె మళ్ళీ స్టేషన్‌కు వెళ్ళలేదు. వాడవాళ్ళకు టోపీలు, సాక్సులు అల్లుతూనే ఉంది, కానీ అన్నీ సాదాగా. కొత్త డిజైన్ అడిగితే తిట్టి పంపేది.

నాకు పెళ్ళయి మానుకోట వచ్చాను. కొన్నేళ్ళు మా ఆయన ఉద్యోగం వల్ల భూపాలపల్లిలో ఉన్నాం. అడివి గాలికి అక్కడ చలి ఎముకలు కొరికేది. ఆ చలిలో పిల్లలకు స్వెట్టర్లు అల్లబోతే నాకు ఒక్క డిజైనూ పూర్తిగా గుర్తు రాలేదు. పట్టీ ఉండి ఉంటే అనుకుంటే ఏడుపొచ్చేది, ఆ వెంటనే పెద్దసేటు మీద కోపం వచ్చేది. ఆ రోజుల్లోనే, పెద్దసేటుకు దగ్గు పట్టుకుని డాక్టరు చలికి తిరగొద్దన్నాడని, చిన్నమ్మే ఆయనకు స్వెట్టర్ అల్లి ఇచ్చిందని మా అమ్మ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకా? ఆ చేతులతోనా? జనగామ వెళ్ళినప్పుడు ముఖాన్నే అడిగాను.

"నీకు రోషం లేదా చిన్నమ్మా?"

ఆమె సూదులు ఆపలేదు. "డిజైన్లు గిజైన్లు వద్దన్నడట, సాదాగ కావాలన్నడట. ముందర సాదాగనే అల్లిన," అంది. తర్వాత ఎందుకో కిసుక్కున నవ్వింది. ముసలితనం మెత్తబరిచిందనుకున్నాను. లొంగిపోయిందనుకుని కోపంగానే బండెక్కాను. అదే ఆఖరిసారి చూడటం.

ఇక ఇప్పుడు, పదోదినం నాడు, "ఊసుపోక" అంటున్నాడు ఈయన.

నేను లోపలికి వెళ్ళాను. ఆమె సంచీ చిలక్కొయ్యకు వేలాడుతోంది. అందులో సైకిల్ పుల్లల సూదులు, సగం ఉండ. దాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డాను. బయట ఎండ ఎక్కింది. పెద్దసేటు ఉక్కపోస్తోందని శాలువా తీసి మంచం మీద పడేసి, చేయి కడుక్కోవడానికి నీళ్ళ గోళెం దగ్గరికి వచ్చి వంగాడు. నేను సంచీతో వాకిట్లోకి వస్తున్నాను. వంగిన వీపు నా ఎదురుగా ఉంది.

బూడిదరంగు స్వెట్టర్. ముందంతా సాదా. వీపు మీద, అంచు దగ్గర, మిలిటరాయన. దాని పైన బీడీ తాగే ఆయన. దాని పైన కిటికీ ముసలామె, ఏడ్చే పిల్ల, నాకు పేరు గుర్తున్నవి, లేనివి, ఒకదాని మీద ఒకటి మెడ వరకు. మెడ కింద ఒక డిజైను సగంలో ఆగి, పైన సాదాగా ఉంది.

తన వీపు ఎవరు చూసుకుంటారు? ఇంట్లోవాళ్ళు ఉతికి ఆరేసి ఉంటారు, బాగుందనుకుని ఉంటారు. విప్పించినవాడే ఇన్నేళ్ళుగా శాలువా కింద మోస్తున్నాడు.

"పెద్దబాపూ," అన్నాను. నా గొంతు నాకే ఆమె గొంతులా వినిపించింది. "జర అటు తిరుగుండ్రి."

"ఏందే? బల్లి పడ్డదా?" అని ఉలిక్కిపడి గోడ వైపు తిరిగాడు.

"ఏం పడలే. కదలకుండ నిలవడుండ్రి."

సూదులు తీశాను. అంచు దగ్గర మొదలుపెట్టాను. సీదా, సీదా, ఉల్టా. వాకిట్లో కూర్చున్నవాళ్ళు మాటలాపి చూస్తున్నారు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా? డిజైను గంత మంచిగున్నదా? ఎవలది?"

"మీరు విప్పించిన పట్టీ పెద్దబాపూ. స్టేషన్ల మొగోళ్ళది. మొత్తం గిక్కడ్నే ఉన్నది."

ఆయన చేయి ఒకటి మెల్లగా వెనక్కి వెళ్ళింది, వీపు తడుముకోవాలని చూసింది. అందలేదు. చేయి అలాగే దిగిపోయింది. చాలాసేపటికి, గోడతోనే అన్నట్టు అన్నాడు.

"అయిందా? కాళ్ళు గుంజుతున్నయి."

"కాలే," అన్నాను. "ఇంకా మెడ దాక రాలే. నిలవడుండ్రి."